ఊరి బడిలో చెవి పరీక్ష: ట్యాబ్‌తో చేసే మెషీన్ నమ్మొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పదోతరగతి_98 (ప్రకాశం జిల్లా) · జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తికి దగ్గరలో ఒక ఊరు. మా 1998 పదో తరగతి బ్యాచ్ ఈ వేసవిలో కలుసుకుంది. బడికి ఏదైనా చేద్దామని లక్షా అరవై వేలు పోగుచేశాం. ముందు ఆర్వో ప్లాంట్ అనుకున్నాం. ఆ రోజు మా వాడొకడు చెప్పిన సంగతి విన్నాక ఆలోచన మారింది.

వాడు బడిలో ఎప్పుడూ చివరి బెంచీ. పిలిస్తే పలికేవాడు కాదు. డిక్టేషన్‌లో సగం మాటలు తప్పు రాసేవాడు. సార్లు పొగరనుకుని కొట్టేవాళ్లు, మేమంతా మొద్దు అని పిలిచేవాళ్లం. ఇరవై ఏడేళ్ల వయసులో గల్ఫ్ ఉద్యోగానికి మెడికల్‌కి వెళ్తే అప్పుడు తెలిసిందట, రెండు చెవుల్లోనూ కర్ణభేరికి రంధ్రాలున్నాయని, చిన్నప్పటి నుంచి చీము కారీ కారీ వినికిడి బాగా తగ్గిపోయిందని. "ఆ పదేళ్లలో ఒక్కరన్నా నా చెవులు చూసుంటే ఎంత బాగుండేదిరా" అన్నాడు. ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

తెలిసినాయన ఒకరు ట్యాబ్, దానికి పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్న సెట్ చూపించారు. బీప్ వినబడినప్పుడల్లా పిల్లవాడు తెర మీద నొక్కడమే, మిగతాదంతా మెషీనే చూసుకుంటుంది, టీచర్ కూడా చేయొచ్చు అంటున్నారు. బడిలో 338 మంది పిల్లలున్నారు. ఈ పరీక్ష ఎంతవరకు నమ్మొచ్చు, సౌండ్‌ప్రూఫ్ గది లేకుండా కుదురుతుందా, ఇది కొనడం మంచి ఖర్చేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ధ్వని_దారి (ఆడియాలజిస్ట్, అంటే వినికిడి పరీక్షల నిపుణురాలు, విజయవాడ) · జూన్ 14, రాత్రి 10:55

మీ స్నేహితుడి లాంటి వాళ్లను నేను వారానికి ఇద్దరు ముగ్గురిని చూస్తాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మెషీన్ చేసే పని. మా క్లినిక్‌లో పెట్టె ముందు కూర్చుని చేతితో చేసేదాన్నే అది తనంతట తాను చేస్తుంది. ఒక స్వరం వినిపిస్తుంది. పిల్లవాడు నొక్కితే 10 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిదో చెప్పే లెక్క) తగ్గిస్తుంది, నొక్కకపోతే 5 డీబీ పెంచుతుంది. అలా దిగుతూ ఎక్కుతూ, ఆ చెవికి అతి సన్నగా వినిపించే స్థాయిని పట్టుకుంటుంది. మేమూ ఇదే పద్ధతిలో చేస్తాం. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ (స్వరం ఎంత కీచుదో చెప్పే లెక్క), ఒక్కో చెవికి విడిగా. మంచి సెట్‌తో, మంచి గదిలో, చెప్పింది అర్థమయ్యే వయసు పిల్లలకు చేస్తే ఫలితం మేం చేతితో చేసినదానికి దగ్గరగానే ఉంటుంది. ఈ విషయంలో దక్షిణాఫ్రికాలో, ముఖ్యంగా ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో చాలా పని జరిగింది. అక్కడా మనలాగే ఆడియాలజిస్టులు తక్కువ.

బడిలో ప్రతి పిల్లవాడికీ పూర్తి ఆడియోగ్రామ్ (ఏ స్వరం ఏ స్థాయిలో వినబడుతుందో చూపే గీత) తీయనక్కర్లేదు. స్క్రీనింగ్ చాలు. 1000, 2000, 4000 హెర్ట్జ్‌లలో 20 డీబీ వినిపిస్తే పాస్, లేకపోతే రిఫర్. మన బడుల్లో అంత నిశ్శబ్దం దొరకదు కాబట్టి 25 డీబీ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. 500 వదిలేయడానికి కారణం ఫ్యాన్. ఫ్యాన్ గుయ్‌మనే శబ్దం, దూరంగా వెళ్లే లారీ శబ్దం సరిగ్గా ఆ కింది స్వరాలనే మింగేస్తాయి. చెవులు బాగున్న పిల్లవాడు కూడా ఫెయిలవుతాడు.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. "రిఫర్" అంటే చెవుడు అని అర్థం కాదు. మళ్లీ చూడాలి అని మాత్రమే. ఆ కాగితం మీద టీచర్లు, తల్లిదండ్రులు ఇంకేమీ రాసుకోకూడదు.

కొండగాలి (పీహెచ్‌సీ డాక్టర్, పార్వతీపురం మన్యం) · జూన్ 15, ఉదయం 7:10

ధ్వని_దారి గారు చెప్పిందంతా నిజం. నేను అడిగేది ఒకటే. 338 మందిలో ఒక ముప్పై మంది రిఫర్ అయ్యారనుకోండి. మర్నాడు ఆ ముప్పై మంది ఎక్కడికి వెళ్తారు? ఎవరు తీసుకెళ్తారు?

ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. నాలుగేళ్ల కిందట మా దగ్గర ఒక సంస్థ వాళ్లు మంచి పరికరాలతో వచ్చి మూడు రోజుల్లో ఎనిమిది బడులు చూశారు. ఫొటోలు దిగారు. రిఫర్ అయిన పిల్లల జాబితా మా చేతికిచ్చి వెళ్లారు. జిల్లా ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి, తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. వెళ్లాక సార్ లీవు, రేపు రండి అంటే ఇక ఆ మనిషి రాదు. ఆ జాబితాలో ఆసుపత్రి దాకా వెళ్లింది నలుగురే. మిగతా పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే అందులో ఇద్దరు ఇప్పుడు చీము చెవితో నా దగ్గరకే వస్తున్నారు.

కాబట్టి మెషీన్ కన్నా ముందు రెండు పనులు చేయండి. మీ మండలానికి ఆర్‌బీఎస్‌కే టీమ్ ఉంటుంది. 2013 నుంచి నడుస్తున్న పథకం, అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి పిల్లలను చూడటం వాళ్ల పని, అందులో వినికిడి కూడా ఉంది. వాళ్లతో మాట్లాడి మీ తేదీలు చెప్పండి. రెండోది, జిల్లా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో ఏ రోజు పిల్లలను తెస్తే చూస్తారో ముందే అడిగి రాయించుకోండి. అప్పుడు మొదలుపెట్టండి.

పదోతరగతి_98 · జూన్ 15, ఉదయం 8:02

సార్, మీరు అడిగిన ప్రశ్న మా ఎవరి మనసులోకీ రాలేదు. నిజం చెప్పాలంటే మెషీన్ కొంటే పని అయిపోయిందనుకున్నాం. సోమవారం హెడ్‌మాస్టర్ గారితో కలిసి ఆర్‌బీఎస్‌కే వాళ్ల దగ్గరకు వెళ్తాం.

పాలపిట్ట (హన్మకొండ) · జూన్ 15, ఉదయం 11:26

ఇది బడి గురించి నడుస్తున్న చర్చ. కానీ పుట్టిన పిల్లల గురించి కూడా ఒకసారి చెప్పాలనిపించింది.

నా పాప పుట్టిన మర్నాడు నర్సమ్మ చిన్న పరికరం తెచ్చి చెవిలో మెత్తటి ముక్క పెట్టి చూసింది. ఎడమ చెవికి రిఫర్ అని వచ్చింది. ఎవరూ ఏమీ వివరించలేదు, నెల తర్వాత రమ్మని చీటీ ఇచ్చారు. ఆ నెలంతా నేను నిద్రపోలేదు. గిన్నె కింద పడేసి పాప ఉలిక్కిపడుతుందా అని చూసేదాన్ని, అత్తమ్మ చప్పట్లు కొట్టేది. నెలకు మళ్లీ చేస్తే రెండు చెవులూ పాస్. పుట్టినప్పుడు చెవిలో ఉండే ఉమ్మనీరు, జిగురు వల్ల అలా వస్తుందని అప్పుడు చెప్పారు. ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే బాలింతనైన నేను అంత ఏడ్చేదాన్ని కాదు.

ధ్వని_దారి · జూన్ 15, మధ్యాహ్నం 1:15

అక్కా, మీకు అలా జరగకూడదు. మీరు రాసింది చదివి ఇంకో తల్లికి ధైర్యం వస్తుంది.

మీ పాపకు చేసింది ఓఏఈ. లోపలి చెవి ఆరోగ్యంగా ఉంటే బయటి శబ్దానికి తిరిగి తనే ఒక సన్నని శబ్దం పంపుతుంది, పరికరం దాన్ని వింటుంది. పిల్ల నిద్రపోతుండగానే అయిపోతుంది. అయితే ఇది లోపలి చెవి వరకే చూస్తుంది, నరం దాకా వెళ్లదు. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్నవాళ్లు, కామెర్లు బాగా ఎక్కువై రక్తం మార్చాల్సి వచ్చినవాళ్లు ఓఏఈ పాసైనా ఆగకూడదు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నరం దాకా చూసే బేరా తరహా స్క్రీనింగ్ వాళ్లకు తప్పనిసరి. మన దేశంలోనే తయారైన సోహమ్ అనే పరికరం ఈ పద్ధతిదే, 2017లో విడుదలైంది. మూడు ఎలక్ట్రోడ్లతో, చిన్న ఆసుపత్రిలో కూడా వాడేలా చేశారు.

మాకు బోధించే లెక్క ఒకటి, మూడు, ఆరు. నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స లేదా చెవి మిషన్. మాటలు నేర్చే మెదడు ఎదురుచూడదు. మూడేళ్లకు "ఇంకా మాటలు రాలేదండీ, మా ఇంట్లో అందరికీ ఆలస్యమే" అంటూ వచ్చే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

తిరుగుబండి (కొచ్చిలో ఉద్యోగం, సొంతూరు నెల్లూరు) · జూన్ 15, సాయంత్రం 4:48

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. ఎర్నాకుళంలో పిల్లల డాక్టర్లు 2003లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. ప్రతి చిన్న ప్రసూతి ఆసుపత్రీ ఓఏఈ మెషీన్ కొనలేదు, కొన్నా రోజుకు రెండు కాన్పులున్న చోట అది ఖాళీగా పడుంటుంది. అందుకని ఒక మెషీన్, ఒక మనిషి. ఆ మనిషే వరసగా ఆసుపత్రులకు తిరిగి ఆ వారం పుట్టిన పిల్లలందరినీ చూస్తారు. మీ బ్యాచ్ కూడా ఇలా ఆలోచించొచ్చు. ఒక్క బడి కోసం కొంటే ఆ సెట్ ఏడాదిలో నాలుగు రోజులు పనిచేసి మిగతా రోజులు బీరువాలో ఉంటుంది.

మగ్గంచప్పుడు (సిరిసిల్ల) · జూన్ 16, రాత్రి 8:33

మా బాపు ముప్పై రెండేళ్లుగా సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తున్నాడు. సాంచాలు నడిచే షెడ్డులోకి ఎప్పుడైనా వెళ్లినోళ్లకు తెలుసు, పక్క మనిషి చెవిలో అరిచినా వినబడదు. లోపల అందరూ సైగలతోనే, పెదవుల కదలికతోనే మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చాక కూడా బాపు టీవీ సౌండ్ ఫుల్లుగా పెడతాడు. అమ్మ పిలిస్తే "ఆ" అంటాడు కానీ ఏమందో అర్థం కాదు.

పోయిన ఏడాది ఒక క్యాంపులో ట్యాబ్‌తోనే చూశారు. పని మధ్యలో నుంచి పిలిచి అప్పటికప్పుడే చేశారు. చాలా ఎక్కువ లోపం చూపించింది. బాపు భయపడి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత కరీంనగర్‌లో గదిలో కూర్చోబెట్టి చేయిస్తే కొంత తక్కువే ఉంది. ఆ తేడా ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్తారా?

ధ్వని_దారి · జూన్ 16, రాత్రి 9:50

తమ్ముడూ, క్యాంపు వాళ్లు తప్పు సమయంలో చేశారు. పెద్ద శబ్దంలో గంటలు గంటలు ఉన్నాక చెవి కొంతసేపు మొద్దుబారుతుంది. అది తాత్కాలికం, విశ్రాంతి ఇస్తే చాలావరకు తిరిగొస్తుంది. అందుకే అమెరికా కార్మిక భద్రత నియమాల్లో మొదటి పరీక్షకు ముందు 14 గంటలు పని శబ్దానికి దూరంగా ఉండాలని రాసుంటుంది. మీ వాళ్లకైతే సెలవు మర్నాడు పొద్దుగాల, షెడ్డులోకి అడుగుపెట్టకముందే చేయాలి.

బాపు గారి ఆడియోగ్రామ్ ఉంటే 4000 హెర్ట్జ్ దగ్గర చూడండి. అక్కడ గీత గుంటలా దిగి 8000 దగ్గర మళ్లీ కొంచెం లేచిందా? శబ్దం వల్ల పోయిన చెవికి అదే గుర్తు. ఏళ్ల తరబడి రోజూ మొద్దుబారిన చెవి ఏదో ఒక రోజు తిరిగి రాకుండా పోతుంది. పోయింది మందులతో రాదు, ఉన్నది కాపాడుకోవాలి. చెవిలో పెట్టుకునే నురుగు ప్లగ్గులు మందుల షాపుల్లో దొరుకుతాయి. మెలితిప్పి సన్నగా చేసి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టాలి. దూది పెడితే పనిచేయదు.

మగ్గంచప్పుడు · జూన్ 17, ఉదయం 6:20

గుంట ఉందక్కా. రెండు చెవుల్లోనూ, సరిగ్గా 4000 దగ్గరే. ఇప్పటిదాకా ఆ గీతల అర్థం మాకెవరూ చెప్పలేదు. ప్లగ్గులు బాపుకు ఒక్కడికే కాదు, షెడ్డులో పన్నెండు మందికీ తెస్తాను.

డాలస్_గోదారి (టెక్సాస్) · జూన్ 17, ఉదయం 9:05

మా నాన్నగారు రావులపాలెం నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు జరిగింది చెప్తాను. అమెరికాలో 2022 అక్టోబర్ నుంచి పెద్దవాళ్లలో తక్కువ, మధ్యస్థ వినికిడి లోపానికి డాక్టర్ చీటీ లేకుండానే చెవి మిషన్లు షాపులో కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను చెవి మిషన్‌లా వాడే సాఫ్ట్‌వేర్‌కు కూడా అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఫోన్‌లోనే పరీక్ష, ఐదు నిమిషాలు. నాన్నగారికి సోఫాలో కూర్చోబెట్టి చేశాను. తర్వాత ఆడియాలజిస్ట్ దగ్గర చేయిస్తే దాదాపు అదే గీత వచ్చింది, నాకే ఆశ్చర్యమేసింది.

కానీ దానికి ముందు ఫోన్‌లో ఇంకో రకం పరీక్ష పెట్టాను. వెనక హోరు వినిపిస్తూ మూడు అంకెలు చెప్తుంది, విన్నవి నొక్కాలి. అందులో ఆయన ఘోరంగా ఫెయిలయ్యారు. "సిక్స్" అన్నది వినబడింది కానీ ఆరా ఏడా అని ఆలోచించేలోపు తర్వాతి అంకె వచ్చేసేది. అది చెవి లోపం కాదు, ఇంగ్లీషు అంకెలు ఆయన నాలుక మీద లేవు. అలాంటి పరీక్ష తెలుగులో ఉంటే బాగుండేది.

అచ్చుహల్లు (తిరుపతి, భాషాశాస్త్ర విద్యార్థి) · జూన్ 17, మధ్యాహ్నం 12:40

ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది. హోరులో అంకెలు వినే పరీక్షను నెదర్లాండ్స్‌లో ఫోన్ ద్వారా చేయడానికి తయారుచేశారు, 2000 దశకం మొదట్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన హియర్‌హూ అనే ఫోన్ యాప్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది.

తెలుగులో చేయాలంటే ఊరికే అంకెలు రికార్డు చేస్తే సరిపోదు. ఇంగ్లీషులో చాలా అంకెలు ఒకే అక్షరమంత పొట్టివి. మనకు ఒకటి, నాలుగు, తొమ్మిది మూడక్షరాలు, ఎనిమిది ఏకంగా నాలుగు. హోరులో ఒక్క హల్లు వినబడకపోయినా, పొడవును బట్టి అది ఎనిమిది అని పట్టేయొచ్చు. మరోవైపు మూడు, ఏడు, రెండు అన్నీ "డు"తో ముగుస్తాయి, ఐదు వాటికి దగ్గర్లోనే ఉంటుంది. తేడా మిగిలేది మొదటి అక్షరంలోనే. తెలంగాణలో చాలామంది ఎన్మిది అంటారు, అక్కడ మళ్లీ పొడవు మారిపోతుంది. అందుకే ఒక్కో అంకెను ఎంత గట్టిగా వినిపించాలో విడిగా సరిచూసి, అన్నీ సమానంగా కష్టమయ్యేలా చేయాలి. ఓపికతో చేయాల్సిన పని. ఎవరైనా ఆడియాలజీ వాళ్లు తోడొస్తే నేను చేయడానికి సిద్ధం.

ధ్వని_దారి · జూన్ 17, సాయంత్రం 6:30

అచ్చుహల్లు గారూ, నేను తోడుంటాను. మీకు విడిగా మెసేజ్ పెట్టాను.

పదోతరగతి_98 గారికి మాత్రం ఒక హెచ్చరిక. అంకెల పరీక్షకు మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, గది కొంచెం సందడిగా ఉన్నా నడుస్తుంది. అందుకని ఎవరైనా బడికి అదే చాలని చెప్పొచ్చు. చాలదు. మాట, హోరు రెండూ ఒకేసారి పెరుగుతాయి కాబట్టి, కర్ణభేరికి రంధ్రమున్నా, దాని వెనక నీరు చేరినా, సౌండ్ పెంచుకుని వింటే పిల్లవాడు పాసైపోతాడు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే పాసే. మీ స్నేహితుడి లాంటి పిల్లలే తప్పించుకుపోతారు. వయసు మీదపడ్డవాళ్ల నరాల లోపానికి అది మంచి పరీక్ష. బడికి స్వరాల పరీక్షే కావాలి.

డాలస్_గోదారి గారి మాట చదివి ఇక్కడివాళ్లు ఏ బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తోనైనా ఏదో ఒక యాప్‌లో డీబీలు చూసుకుని నిర్ణయానికి రావద్దు. అక్కడ ఆ ఫోన్, ఆ ఇయర్‌ఫోన్ జతగా కొలిచి తయారుచేసినవి. వేరే ఇయర్‌ఫోన్ పెడితే తెర మీది 20 డీబీ చెవి దగ్గర 35 కావచ్చు. ఆడియోమెట్రీ సెట్‌లో కూడా అంతే, హెడ్‌ఫోన్ పాడైందని బజార్లో ఇంకోటి కొని తగిలిస్తే ఆ సెట్ పనికిరాదు. సంవత్సరానికోసారి కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించాలి. అమ్మేవాళ్లను మొట్టమొదట అడగాల్సింది ఇదే.

ఇంకొకటి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం ఆగిపోతే యాప్‌లు, క్యాంపులు అని చూడకుండా అదే రోజు ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లాలి. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితేనే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. నీళ్లు పోయాయేమో, గుబిలేమో అని రెండు వారాలు వేడి నూనె పోసుకుంటూ కూర్చున్నవాళ్లు ఎంతోమంది.

పాలమూరు_పంతులు (మహబూబ్‌నగర్) · జూన్ 18, రాత్రి 7:55

2018లో తెలంగాణలో కంటి వెలుగు పెట్టినప్పుడు మా ఊళ్లో మా అవ్వకు అక్కడికక్కడే దగ్గరి చూపు అద్దాలిచ్చారు. ఆ సాయంత్రమే బియ్యంలో రాళ్లు ఏరింది. చెవులకు కూడా అలాంటిది ప్రభుత్వమే ఊరూరా పెట్టలేదా?

కొండగాలి · జూన్ 18, రాత్రి 9:12

పంతులు గారూ, పెట్టాలి. జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం 2007 నుంచి ఉంది. కానీ కళ్లద్దానికీ చెవి మిషన్‌కీ తేడా ఉంది. దగ్గరి అద్దం పెట్టుకోగానే పనిచేస్తుంది. చెవి మిషన్ ఆ మనిషి ఆడియోగ్రామ్‌కు తగ్గట్టు అమర్చాలి, చెవి కొలతకు అచ్చు తీయాలి. మొదటి వారం పళ్లేల చప్పుడు కూడా తలనొప్పి తెప్పిస్తుంది. రెండుమూడుసార్లు మళ్లీ రావాలి. అలా రాక ట్రంకుపెట్టెలో పెట్టేసిన మిషన్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. అందుకే నేను మొదటి నుంచీ తర్వాత ఎవరు అని అడుగుతున్నాను.

దీనికి రుజువు ఉంది. అలాస్కాలో బేరింగ్ జలసంధి వైపు 15 ఊళ్ల బడుల్లో ఒక అధ్యయనం చేశారు. కొన్ని ఊళ్లలో రిఫర్ అయిన పిల్లల ఇంటికి మామూలుగా ఉత్తరం పంపారు. మిగతా ఊళ్లలో అక్కడి హెల్త్ వర్కరే బడికి వచ్చి చెవి లోపలి ఫొటో తీసి దూరంలో ఉన్న స్పెషలిస్ట్‌కు పంపారు. ఉత్తరం అందుకున్న పిల్లల్లో 32.1 శాతం మందికే తర్వాతి వైద్య పరీక్ష అందింది. రెండో పద్ధతిలో 68.5 శాతం. రోడ్లే లేని, మంచు కప్పేసిన చోట అది జరిగింది. మన దగ్గర ఆశ, ఏఎన్ఎం, ఊళ్లోనే ఉన్న హెల్త్ క్లినిక్, అందరి చేతిలో ఫోన్ ఉన్నాయి. ఇవన్నీ కలిపి మనం కూడా అలా ఎందుకు చేయకూడదు?

చిట్టిచేతులు (అంగన్‌వాడీ టీచర్, పశ్చిమ గోదావరి) · జూన్ 19, మధ్యాహ్నం 2:20

నమస్తే. మా దగ్గర మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలుంటారు. మాకు ట్యాబ్ పరీక్ష ఒకసారి చూపించారు. పిల్లలకు తెర కనిపిస్తే చాలు, వినిపించినా లేకపోయినా నొక్కుతూనే ఉంటారు. వీళ్లకు ఎలా చేయాలి?

ధ్వని_దారి · జూన్ 19, రాత్రి 8:44

టీచరమ్మా, మీరు గమనించింది సరైనదే. శబ్దం ఇవ్వకుండా ఊరుకుని, అప్పుడు కూడా నొక్కుతున్నారా అని మంచి సెట్లు మధ్యమధ్యలో పరీక్షిస్తాయి. అలా తప్పు నొక్కుళ్లు ఎక్కువైతే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఐదేళ్ల లోపు వాళ్లకు ట్యాబ్ ఇవ్వకండి. చేతికి ఒక చింతగింజ ఇచ్చి చెవి దగ్గర పట్టుకోమనండి, శబ్దం వినగానే డబ్బాలో వేయాలి. ముందు మీరు రెండుసార్లు వేసి చూపిస్తే ఆటలా నేర్చుకుంటారు. శబ్దం ఎప్పుడివ్వాలో మాత్రం మనిషే చూసుకోవాలి. అది కూడా కుదరని పసివాళ్లకు ఓఏఈ.

పదోతరగతి_98 · ఆగస్టు 3, రాత్రి 10:15

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. ఏం జరిగిందో మొత్తం రాస్తాను.

మెషీన్ కొనలేదు. ధ్వని_దారి మేడమ్ పరిచయం చేసిన ఒక ఆడియాలజిస్ట్ ఒంగోలు నుంచి తన సెట్ తీసుకుని మూడు ఆదివారాలు వచ్చారు. ఇద్దరు టీచర్లకు, మా బ్యాచ్‌లో ఇద్దరికి నేర్పించారు. ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో గ్రానైట్ లారీలు బడి ముందు నుంచే పోతాయి. గది వెతకడానికే ఒక పూట పట్టింది. లైబ్రరీ గది బాగుందనుకుంటే పక్కనే బోరు మోటారు. చివరికి వెనకవైపు స్టోర్ రూములో పాత పరుపులు, దుప్పట్లు గోడలకు వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి చేశాం. జులై ఉక్కపోత. నలుగురు పిల్లలకు ఒకసారి బయటికి తీసుకొచ్చి నీళ్లిచ్చాం. శబ్దం ఎక్కువైతే మెషీనే ఆగి ఎర్ర గుర్తు చూపిస్తుంది, పక్కింటి కోడి కూసినప్పుడల్లా ఆగింది.

పదకొండు మంది రాలేదు. 327 మందికి చేశాం. మొదటిసారి 44 మంది రిఫర్. ఆ రోజు రాత్రి మాకు చాలా టెన్షన్ పట్టుకుంది, ఊళ్లో ఇంతమంది పిల్లలకా అని. పాలపిట్ట గారి పోస్టు గుర్తొచ్చి, ప్రతి ఇంటికీ మేమే వెళ్లి "ఇది చెవుడు కాదు, మళ్లీ చూస్తాం" అని నోటితో చెప్పాం. కాగితం ఇవ్వలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ చేస్తే 25 మంది పాసయ్యారు. జలుబు తగ్గినవాళ్లే ఎక్కువ. మిగిలిన 19 మందిలో ఆరుగురికి గుబిలి గట్టిపడి ఉంది. పీహెచ్‌సీలో చుక్కలు వేసి తీయించాక ఐదుగురు పాస్. ఇక ఉన్నది 14 మంది.

ఏడో తరగతిలో ఒక పాప ఉంది. కుడి చెవి బాగుంది, ఎడమ చెవి అసలు వినబడదు. పుట్టినప్పటి నుంచేనేమో, ఆ పిల్లకే తెలియదు. అందరికీ ఒక వైపు నుంచే వినబడుతుందనుకుంటోందట. హెడ్‌మాస్టర్ గారు ఆ రోజే ఎడమవైపు గోడ పక్కన, ముందు బెంచీలో కూర్చోబెట్టారు, క్లాసంతా ఆమె మంచి చెవి వైపు ఉండేలా.

కొండగాలి · ఆగస్టు 3, రాత్రి 10:40

ఆ 14 మంది సంగతి చెప్పండి.

పదోతరగతి_98 · ఆగస్టు 17, ఉదయం 7:30

సార్, మీరు అడుగుతారని తెలుసు, అందుకే వాళ్లను చూపించాకే రాస్తున్నాను. ఆర్‌బీఎస్‌కే టీమ్ డాక్టర్ గారు ముందే మాట్లాడిపెట్టారు. ఒంగోలు పెద్దాసుపత్రిలో గురువారం పొద్దున రమ్మన్నారు. బండి మాట్లాడి, తోడొచ్చే తల్లికో తండ్రికో ఆ రోజు కూలి మా డబ్బులోంచే ఇచ్చాం. ఆగస్టు 7న తొమ్మిది మందిని తీసుకెళ్లాం. తొమ్మిది మందీ వచ్చారు.

నలుగురికి చీము చెవి. మందులిచ్చారు, ఆరాక ఇద్దరికి కర్ణభేరికి అతుకు వేయాలన్నారు. ముగ్గురికి కర్ణభేరి వెనక నీరుంది, మూడు నెలలు చూద్దామన్నారు. ఇంకో ఇద్దరు అన్నాచెల్లెళ్లు, వాళ్లది మేనరికం ఇల్లు, ఇద్దరికీ నరాల లోపమే. బేరా కూడా చేశాక చెవి మిషన్లకు రాశారు. ఆ పిల్లల నాన్న క్వారీలో పనిచేస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో నా పక్కన కూర్చుని, "మా చెల్లి కూడా ఇంతే సార్, మేం దానికి బుద్ధి తక్కువనుకున్నాం" అన్నాడు. వచ్చేసారి ఆ చెల్లెలిని కూడా తీసుకొస్తానన్నాడు.

ఇప్పటికి ముప్పై ఎనిమిది వేలు ఖర్చయింది. మిగతాది బండికి, చెవి మిషన్ల బ్యాటరీలకు, వచ్చే ఏడాది కొత్తగా చేరే ఆరో తరగతి పిల్లలకు అట్టిపెట్టాం. మా స్నేహితుడే ఈ లెక్కలు చూస్తున్నాడు. పిల్లలను వరసలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది కూడా వాడే.

మిగిలిన ఐదుగురిని ఆగస్టు 21, గురువారం తీసుకెళ్తున్నాం. పొద్దున ఆరున్నరకు బడి దగ్గర బయల్దేరుతుంది. 14 సీట్ల బండి, క్వారీ అన్న చెల్లెలితో కలిపి పన్నెండు మందిమి. ఇంకా రెండు సీట్లున్నాయి.

వేపచెట్టు_నీడ (ప్రకాశం జిల్లా) · ఆగస్టు 17, ఉదయం 9:02

అన్నా, మాది మీరు ఒంగోలు వెళ్లే దారిలోనే. మా బాబుకు ఆరేళ్లు, ఎడమ చెవి ఏడాదిగా కారుతోంది. ఆ రెండు సీట్లు మాకు ఉంచండి. ఏడు గంటలకు రోడ్డు మీద నిలబడి ఉంటాం.